దోష సందేశమూ విస్తరణ సందేశమే: వ్యవసాయ సాఫ్ట్‌వేర్‌లో స్పష్టత, ఏకరూపత

మెదక్ పట్టణంలోని మీ సేవ కేంద్రాల వద్ద, బ్యాంకు శాఖల వద్ద, ఎరువుల దుకాణాల వద్ద వానాకాలం నాట్ల సమయంలో తరచుగా వినిపించే మాటలు రెండు. ఒకటి "ఏలిముద్ర పడ్తలేదు", రెండవది "సర్వర్ డౌనుంది". ఈ మాటలేవీ కంప్యూటరు తెరపై కనిపించినవి కావు. తెరపై ఆంగ్లంలో ఒక వాక్యమో, మూడంకెల సంఖ్యో కనిపించగా ఎదుట కూర్చున్న ఆపరేటరు రైతుకు చేసి చెప్పిన అనువాదాలు అవి. అసలు కారణం వేలిముద్ర కాకపోవచ్చు, సర్వరు అంతకన్నా కాకపోవచ్చు. అయినను రైతు ఆ మాటనే ప్రమాణంగా తీసుకొని ఇంటికి మరలుతాడు, లేదా చేతులు కడుగుకొని మరునాడు తిరిగి వస్తాడు.

సాఫ్ట్‌వేర్ తాను చేయవలసిన పని చేయలేకపోయినప్పుడు వినియోగదారునికి చెప్పే మాటను దోష సందేశం అంటారు. దీనిని ఇంతవరకు కంప్యూటరు శాస్త్రవేత్తల వ్యవహారంగానే భావించడం జరిగింది. కానీ నేటి విస్తరణ వ్యవస్థను పరిశీలించినట్లయితే, పంటల నమోదు, పెట్టుబడి సాయం, పీఎం కిసాన్, ఎరువుల విక్రయం, ధాన్యం సేకరణ చెల్లింపులు, భూ రికార్డులు అన్నీ ఏదో ఒక తెర మీదుగానే సాగుతున్నాయి. వ్యవసాయ విస్తరణాధికారి రైతుకు చెప్పే మాటల్లో గణనీయమైన భాగం ఇప్పుడు తెగులు గురించి కాక, తెరపై కనిపించిన మాట గురించే. కనుక దోష సందేశాన్ని కూడా ఒక విస్తరణ సందేశంగా పరిగణించి, కరపత్రానికి, రైతు సదస్సులోని ప్రసంగానికి వర్తించే గీటురాళ్లనే దానికీ వర్తింపజేయడం సమంజసం. స్వయంగా యాప్‌లు తయారుచేస్తున్న వ్యవసాయ విద్యార్థులకు ఈ విషయం మరింత అవసరం.

లక్షణం వేరు, నిర్ధారణ వేరు

వరి పైరు పసుపుబారిందని రైతు చెప్పినంత మాత్రాన ఏ శాస్త్రవేత్తా సిఫారసు చేయడు. పసుపు రంగు ముదురు ఆకుల్లో మొదలైతే నత్రజని లోపం, లేత ఆకుల్లో ఈనెల మధ్య కనిపిస్తే ఇనుము లోపం. నాటిన రెండు నుంచి నాలుగు వారాలలో ఆకులపై తుప్పు రంగు మచ్చలు వస్తే జింకు లోపం. ఈ మూడవదానిని తెగులుగా పొరబడి శిలీంద్రనాశినిని పిచికారీ చేసే రైతులు నేటికీ ఉన్నారు. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటుతో తీరే సమస్యకు దానికి ఎన్నో రెట్ల ఖర్చు పెట్టి కూడా ఫలితం పొందలేరు. ఇక్కడ మొక్క తన బాధను సరిగానే చెప్పింది. ఏ ఆకు, ఏ భాగం, ఏ దశ అనే మూడు వివరాలూ మొక్క మీదే ఉన్నాయి, చదవడంలోనే పొరపాటు జరిగింది.

సాఫ్ట్‌వేర్ విషయంలో పరిస్థితి ఇందుకు విరుద్ధం. కారణం యంత్రానికి తెలిసి కూడా అది తెర మీదికి రాదు. ఆధార్ ధ్రువీకరణను ఉదాహరణగా తీసుకోవచ్చు. ధ్రువీకరణ విఫలమైన ప్రతిసారీ విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ సర్వరు ఒక సంకేత సంఖ్యను తిరిగి పంపుతుంది. 300 అంటే ఇచ్చిన వేలిముద్ర నమోదైన దానితో సరిపోలలేదని అర్థం. 330 అంటే ఆధార్‌దారు తన బయోమెట్రిక్ వివరాలకు తాళం వేసి ఉన్నాడని అర్థం. 811 అంటే ఆ ఆధార్ సంఖ్యకు కేంద్ర నిల్వలో బయోమెట్రిక్ సమాచారమే లేదని అర్థం. 562 వచ్చిందంటే యంత్రం పంపిన సమయం అసలు సమయం కంటే ముందున్నదని, అనగా దుకాణంలోని పరికరం గడియారం తప్పుగా ఉన్నదని అర్థం.

ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు పరిష్కారాలు. మొదటిదానికి మరొక వేలు పెట్టి చూడవచ్చు, లేదా కనుపాప, ముఖ గుర్తింపు, ఓటీపీ వంటి ఇతర మార్గాలలో అక్కడ అందుబాటులో ఉన్నదానిని ఉపయోగించవచ్చు. రెండవదానికి ముందుగా తాళం తీయాలి, అప్పటివరకు పది వేళ్లూ పెట్టినా ప్రయోజనం లేదు. మూడవదానికి ఆధార్ నమోదు కేంద్రానికి వెళ్లక తప్పదు. నాలుగవదానిలో రైతు చేయవలసినది ఏమీ లేదు, డీలరు తన యంత్రంలో తేదీ, సమయం సరిచేసుకుంటే చాలు. కానీ ఈ నాలుగింటికీ కలిపి తెరపై "ప్రామాణీకరణ విఫలమైంది" అని ఒకే వాక్యం వచ్చినప్పుడు, నాలుగు సందర్భాల్లోనూ రైతు వేలిని చొక్కాకు తుడుచుకొని మళ్లీ పెడతాడు. నారు పీకి, నాట్లు వేసి, కలుపు తీసి అరిగిన వేళ్లు అవి. ఈ ప్రాంతపు గ్రామాలలో బీడీలు చుట్టే స్త్రీల వేళ్ల పరిస్థితి కూడా అంతే. గడియారం తప్పుకు వేలిని నిందించడం జింకు లోపానికి శిలీంద్రనాశిని కొట్టడం వంటిదే.

గమనించదగిన విషయం ఏమిటంటే, ఈ సంకేతాలతో పాటు వినియోగదారునికి ఏమి చెప్పాలో, ఏమి చేయమనాలో సూచనలను కూడా ప్రాధికార సంస్థ తన సాంకేతిక పత్రాల్లో ఇచ్చింది. లోపం సమాచారం లేకపోవడంలో లేదు. ఆ సమాచారం సర్వరు నుంచి యాప్‌కు, యాప్ నుంచి తెరకు, తెర నుంచి ఆపరేటరు నోటికి చేరే దారిలో ఒక్కొక్క మజిలీలో కొంత రాలిపోతున్నది. కాలువ చివరి భూములకు నీరందని తీరు ఘనపురం ఆనకట్ట కింది రైతులకు వివరించి చెప్పనవసరం లేదు.

"ఇనాక్టివ్ ఆధార్" అనే మాట చేసిన నష్టం

సందేశం అస్పష్టంగా ఉంటే రైతు ఆగిపోతాడు. సందేశం స్పష్టంగా ఉండి తప్పుగా ఉంటే మాత్రం రైతు తప్పు దారిలో చాలా దూరం వెళ్తాడు. ఇందుకు మన దేశంలో ప్రసిద్ధమైన ఉదాహరణ ఉపాధి హామీ కూలి చెల్లింపులలో కనిపించిన "ఇనాక్టివ్ ఆధార్" అనే తిరస్కరణ కారణం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, జార్ఖండ్‌లలో చెల్లింపుల తీరును అధ్యయనం చేసిన లిబ్‌టెక్ ఇండియా పరిశోధకులు, ఇతర ఆర్థికవేత్తలు ఈ మాటను గురించి విస్తృతంగా రాశారు. వినడానికి ఇది ఆధార్ సంఖ్య పనిచేయడం లేదన్నట్లుగా ఉంటుంది. వాస్తవానికి ఆధార్‌కు, దాని చెల్లుబాటుకు ఇందులో ప్రమేయం లేదు. జాతీయ చెల్లింపుల సంస్థ అయిన ఎన్‌పీసీఐ నిర్వహించే పట్టికలో ఆ ఆధార్ సంఖ్య ఎదుట బ్యాంకు పేరు లేకపోవడమో, ఉన్న అనుసంధానం తెగిపోవడమో దాని అర్థం. పరిష్కారం బ్యాంకులో ఉంది. సందేశం చదివిన కూలీ మాత్రం ఆధార్ కేంద్రానికి వెళ్తాడు. అక్కడ ఆధార్ బాగానే ఉందని చెప్పి పంపుతారు. వారు చెప్పింది నిజమే.

ఇక్కడే "లింకు" అనే మరొక మాట చిక్కు తెస్తుంది. మెదక్ ప్రాంతంలో ఏ గ్రామంలో అడిగినా "ఆధార్ లింకయింది" అనే చెబుతారు. బ్యాంకు గుమాస్తా కూడా అదే చెబుతాడు. అయితే ఆ ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులు ఉన్నాయి. ఖాతాదారుని గుర్తింపు పత్రంగా ఆధార్ సంఖ్యను బ్యాంకు తన రికార్డులో చేర్చుకోవడం ఒకటి. ఖాతాదారుని అంగీకారంతో ఆ సంఖ్యను ఎన్‌పీసీఐ పట్టికలో తన బ్యాంకు పేరున నమోదు చేయించడం రెండవది. మొదటిది జరిగి రెండవది జరగకపోతే, బ్యాంకు దృష్టిలో లింకు ఉంది, చెల్లింపు వ్యవస్థ దృష్టిలో లేదు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, రైతుకు మాత్రం పైసలు పడలేదు. ఒక పోర్టల్‌లో "లింకింగ్", మరొకదానిలో "సీడింగ్", ఇంకొకదానిలో "మ్యాపింగ్", తెలుగు అనువాదాల్లో ఈ మూడింటికీ "అనుసంధానం" అని రాస్తూపోతే ఈ తేడాను పట్టుకోవడం విస్తరణాధికారికి కూడా కష్టమే.

ఏకరూపత అంటే ఇదే. ఒక వస్తువుకు ఒకే పేరు, ఒక పేరుకు ఒకే వస్తువు. వ్యవసాయ రంగం ఈ సూత్రాన్ని కంప్యూటర్ల కంటే ముందే పాటించింది. పురుగుమందు డబ్బాపై ఎరుపు త్రికోణం ఉంటే అత్యంత విషపూరితం, పసుపు ఉంటే ఎక్కువ విషపూరితం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్పం. 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమావళి ప్రకారం ఏ కంపెనీ మందు అయినా ఇదే వరుస. మూల విత్తనానికి తెల్ల చీటీ, ధ్రువీకృత విత్తనానికి నీలి చీటీ అన్నదీ అంతే. ఒక కంపెనీ తన అభిరుచి కొద్దీ ఎరుపును స్వల్ప విషానికి వాడుకుంటానంటే ఎవరూ ఒప్పుకోరు. సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం ఆ స్వేచ్ఛ ఇంకా చెలామణిలో ఉన్నది.

పీఎం కిసాన్ స్థితి పుటలో కనిపించే పదజాలాన్ని కూడా ఈ దృష్టితో చూడవచ్చు. 2019 ఫిబ్రవరి 24న ప్రారంభమైన ఈ పథకంలో ఏటా రూ. 6,000 మూడు విడతలుగా రైతు ఖాతాకు చేరుతుంది. రూ. 2,000 రాలేదని వచ్చిన రైతుకు తెరపై "ఆర్ఎఫ్‌టీ సైన్డ్ బై స్టేట్" అనో, "ఎఫ్‌టీఓ ఈజ్ జెనరేటెడ్ అండ్ పేమెంట్ కన్ఫర్మేషన్ ఈజ్ పెండింగ్" అనో కనిపిస్తుంది. మొదటిది నిధుల బదిలీ కోసం రాష్ట్రం సంతకం చేసి అభ్యర్థన పంపిందని, రెండవది బదిలీ ఉత్తర్వు తయారైందని, బ్యాంకు నుంచి ఖరారు రావలసి ఉందని తెలుపుతాయి. ఇవి దోషాలు కావు, దారిలోని మజిలీలు. కానీ రైతుకు, తరచుగా ఆపరేటరుకు కూడా, ఇవి దోషాలుగానే కనిపిస్తాయి. "మీరు చేయవలసినది ఏమీ లేదు, డబ్బు బ్యాంకుకు వెళ్లే దారిలో ఉంది" అన్న ఒక్క వాక్యం ఉంటే మండల కేంద్రానికి ఒక ప్రయాణం తప్పుతుంది. అదే పుటలో భూమి వివరాల నమోదు, ఈకేవైసీ, బ్యాంకు ఖాతాకు ఆధార్ సీడింగ్ అనే మూడింటి స్థితిని వేర్వేరుగా చూపడం మాత్రం మంచి పద్ధతి. ఏది ఆగిందో చూపినప్పుడు ఏ కార్యాలయానికి వెళ్లాలో సగం తెలిసినట్లే. మొదటిదానికి వ్యవసాయ, రెవెన్యూ అధికారులు, రెండవదానికి మీ సేవ లేదా సొంత ఫోను, మూడవదానికి బ్యాంకు.

విజయ సందేశం కూడా తప్పుదారి పట్టించగలదని ఇక్కడ చెప్పుకోవాలి. ఎన్‌పీసీఐ పట్టికలో ఒక ఆధార్ సంఖ్యకు ఒక సమయంలో ఒకే బ్యాంకు ఉంటుంది. చివరగా నమోదు చేయించిన బ్యాంకుకే డబ్బు వెళ్తుంది. 2017లో ఒక మొబైల్ సంస్థ చెల్లింపుల బ్యాంకు వినియోగదారులకు సరిగా తెలియకుండానే ఖాతాలు తెరవడంతో వంటగ్యాస్ రాయితీలు పాత ఖాతాలకు కాక అక్కడికి చేరిన ఉదంతం దేశమంతటా చర్చకు వచ్చింది. అలాంటి సందర్భంలో "చెల్లింపు విజయవంతం" అన్న సందేశం నిజమే అయినా నిరుపయోగం. ఏ బ్యాంకు, ఖాతా చివరి నాలుగు అంకెలు ఏమిటి, ఏ తేదీన జమ అయింది అన్నవి చెప్పినప్పుడే అది సమాచారం అవుతుంది.

ఎకరం, గుంట, చుక్క

తెలంగాణ భూ రికార్డులలో విస్తీర్ణం ఎకరాలు, గుంటలలో ఉంటుంది. 40 గుంటలు ఒక ఎకరం. పాసు పుస్తకంలో 1.20 అని ఉంటే ఒక ఎకరం ఇరవై గుంటలు, అనగా ఎకరంన్నర. దశాంశ పద్ధతిలో ఆలోచించే సాఫ్ట్‌వేర్‌కు అదే 1.20 అంటే ఒక ఎకరం ఎనిమిది గుంటలు. ఎరువుల మోతాదును లెక్కించే యాప్‌లో రైతు పాసు పుస్తకం చూసి 1.20 అని నమోదు చేశాడనుకుందాం. ఎకరాకు 48 కిలోల నత్రజని చొప్పున లెక్కిస్తే ఎకరంన్నరకు 156 కిలోల పైచిలుకు యూరియా కావాలి. యాప్ చెప్పేది 125 కిలోలు. తేడా సుమారు 31 కిలోలు, అనగా 45 కిలోల బస్తాలో మూడింట రెండు వంతులు. ఎక్కడా దోష సందేశం రాలేదు, ఎందుకంటే యంత్రం దృష్టిలో దోషమే లేదు. దోష సందేశాల చర్చలో అన్నిటికంటె ప్రమాదకరమైనది ఈ మౌనమే.

ఇదే గడిలో 1.45 అని నమోదు చేస్తే గుంటల లెక్కలో అది అసాధ్యం. సరిగా రాసిన సాఫ్ట్‌వేర్ ఇక్కడ ఆపాలి. ఆపి ఏమనాలి? "చెల్లని విలువ" అంటే రైతుకు గాని, విస్తరణాధికారికి గాని ఏమీ తెలియదు. "చుక్క తరువాత గుంటలు రాయాలి. గుంటలు 39కి మించవు. మీరు 45 అని రాశారు" అంటే మూడు చిన్న వాక్యాలలో నియమం, హద్దు, జరిగిన పొరపాటు అన్నీ తెలిశాయి. ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి విడిగా ఇచ్చినట్లయితే ఈ సందేశం అవసరమే చాలా వరకు ఉండదు. ఉత్తమమైన దోష సందేశం రాయవలసిన అవసరం రానిదే అన్న అభిప్రాయం ఈ రంగంలో పాతదే. తెగులు సోకాక మందు కొట్టడం కంటే తట్టుకొనే రకం వేయడం మేలని చెప్పే శాస్త్రవేత్తలకు ఇది కొత్త కాదు.

సర్వే నంబర్లదీ ఇటువంటి కథే. 123/అ, 123/ఆ/1 వంటి ఉపవిభాగాలలో తెలుగు అక్షరాలుంటాయి. అంకెలను మాత్రమే స్వీకరించే గడిలో వీటిని నమోదు చేయలేక, ఆపరేటరు అక్షరాన్ని వదిలేస్తే అది మరొకరి భూమి కావచ్చు. ఇక 2016 అక్టోబరు 11న ఉమ్మడి మెదక్ జిల్లా మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట జిల్లాలుగా విడిపోయింది. అంతకు ముందు తీసుకున్న పత్రాలలో ఈ మూడు జిల్లాల వారికీ మెదక్ అనే ఉంటుంది. "జిల్లా సరిపోలలేదు" అని మాత్రమే చెప్పే సందేశం సిద్దిపేట రైతును తన పత్రం నకిలీదేమో అనే భయంలో పడేస్తుంది.

పేర్ల విషయం చెప్పనే అక్కరలేదు. పాసు పుస్తకంలో తెలుగులో ఎల్లయ్య అని ఉన్న వ్యక్తి పేరు ఆంగ్లంలో ఒక పత్రంలో "వై"తో, మరొక పత్రంలో "ఈ"తో మొదలవుతుంది. లక్ష్మి పేరులో ఒకచోట "ఎక్స్" ఉంటే ఒకచోట "కేఎస్‌హెచ్" ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉంటుంది. "పేరు సరిపోలలేదు" అన్న సందేశంలో ఏ రెండు పత్రాల మధ్య తేడా ఉందో, ఒక్కొక్కదానిలో పేరు ఎలా ఉందో పక్కపక్కన చూపితే తప్ప ఏ పత్రం సరిచేయించుకోవాలో రైతుకు అర్థం కాదు.

తెలుగులో రాయడం, తెలుగులోకి మార్చడం

ఆంగ్లంలో రాసిన సందేశాలను జాబితాగా అనువాదకునికి పంపి, వచ్చిన తెలుగు వాక్యాలను యాప్‌లో అతికించడం సాధారణ పద్ధతి. అనువాదకునికి ఆ వాక్యం ఏ తెర మీద, ఏ సందర్భంలో వస్తుందో తెలియదు. ఫలితంగా వచ్చే వాక్యాలు వ్యాకరణబద్ధంగా ఉండి కూడా అపార్థాలకు దారితీస్తాయి.

సర్వరు నుంచి నిర్ణీత వ్యవధిలో సమాధానం రానప్పుడు చూపే సందేశానికి తెలుగులో "అభ్యర్థన గడువు ముగిసింది" అని రాయడం జరుగుతూ ఉంటుంది. ఈ వాక్యాన్ని మెదక్‌లో ఏ రైతుకు చదివి వినిపించినా, పథకానికి దరఖాస్తు చేసుకొనే చివరి తేదీ దాటిపోయిందనే అర్థం చేసుకుంటాడు. గడువు అనే మాటకు ఊరిలో ఉన్న అర్థం అదే. "సర్వరు నుంచి సమాధానం రాలేదు. మీ వివరాలు నమోదు కాలేదు. కొంతసేపటి తరువాత మళ్లీ ప్రయత్నించండి" అన్నది సరైన మాట. ఇందులో రెండవ వాక్యం ముఖ్యమైనది. నమోదు అయిందో కాలేదో తెలియక రెండుసార్లు నమోదు చేయడం, లేదా అయిందనుకొని ఊరుకోవడం రెండూ నష్టమే. అలాగే "ఆధార్ చెల్లదు" అన్నప్పుడు నోటు చెల్లదన్నట్లు కార్డే రద్దయిందన్న భావం కలుగుతుంది. 998 అనే సంకేతానికి చాలాసార్లు కారణం ఒక అంకె తప్పుగా నొక్కడమే. "ఈ 12 అంకెల సంఖ్య సరిగా లేదు, కార్డు చూసి మళ్లీ నొక్కండి" అంటే సరిపోతుంది.

కర్మణి ప్రయోగం మరొక ఇబ్బంది. "రైతు కనుగొనబడలేదు", "దరఖాస్తు తిరస్కరించబడింది" అనే వాక్యాలలో చేసినవారు కనిపించరు. తిరస్కరించింది తహసీల్దారు కార్యాలయమా, బ్యాంకా, కంప్యూటరా? రైతు వెళ్లవలసిన చోటు ఆ కర్తలోనే ఉంది. కర్తను తీసివేసిన వాక్యం చిరునామా చింపిన ఉత్తరం వంటిది.

ఖాళీలు పూరించే పద్ధతిలో తయారయ్యే సందేశాలకు తెలుగు వ్యాకరణం అంత తేలికగా లొంగదు. ఆంగ్లంలో ఊరి పేరు ముందు ఒక విభక్తి పదం పెడితే ఏ ఊరికైనా సరిపోతుంది. తెలుగులో ప్రత్యయం పేరు చివర చేరి, పేరు చివరి అచ్చును బట్టి మారుతుంది. రామాయంపేటకు, కౌడిపల్లికి, మెదక్‌కు. యంత్రం అన్నిటికీ "కు" తగిలిస్తే "కౌడిపల్లికు" అని వస్తుంది. అర్థం కాకపోదు గానీ, చదివేవారికి ఇది మన మాట కాదు అన్న భావన మొదటి క్షణంలోనే కలుగుతుంది. దీనికి ఉపాయం పేరును వాక్యం మధ్య ఇరికించక, "గ్రామం: కౌడిపల్లి" అని విడిగా చూపి, వాక్యాన్ని దాని కింద పూర్తిగా రాయడం. ఇది పాండిత్య ప్రదర్శనకు సంబంధించిన సంగతి కాదు. బహుశా అందుకే దీనిపై శ్రద్ధ తక్కువ.

పదాల ఎంపికలో అతి శుద్ధత కూడా అంతే ప్రతిబంధకం. ఓటీపీని "ఏక పర్యాయ సంకేతపదం" అనడం వల్ల ఎవరికీ మేలు లేదు. సర్వర్, లింకు, ఓటీపీ, ఖాతా, వేలిముద్ర, పాసు పుస్తకం జనం నోట నలిగిన మాటలు, వాటిని అలాగే ఉంచాలి. ఏ మాట ఉంచాలో నిర్ణయించాక, దానిని ఒక పదపట్టికలో రాసి, యాప్ మొత్తంలో అదే వాడాలి.

అలవాటైన హెచ్చరిక

దోష సందేశాలపై శాస్త్రీయ పరిశీలన కొత్తది కాదు. అమెరికన్ కంప్యూటరు శాస్త్రవేత్త బెన్ ష్నైడర్‌మన్ 1982లోనే వ్యవస్థల సందేశాలపై ప్రయోగ ఫలితాలతో మార్గదర్శకాలు ప్రచురించి, నిందించే పదాలకు బదులు నిర్దిష్టమైన, పరిష్కారం సూచించే పదాలు వాడాలని వాదించాడు. జాకబ్ నీల్సన్ 1994లో ప్రకటించిన పది వినియోగ సూత్రాలలో తొమ్మిదవది పూర్తిగా దీనికి సంబంధించినదే. దోషాన్ని గుర్తించడానికి, కారణం తెలుసుకోవడానికి, బయటపడడానికి సందేశం తోడ్పడాలని దాని సారం.

ఈ సూత్రాలను విస్మరిస్తే ఎంత దూరం పోవచ్చునో థెరాక్-25 ఉదంతం చెబుతుంది. కెనడాలో తయారైన ఈ క్యాన్సర్ చికిత్సా యంత్రం 1985, 1987 మధ్య ఆరుగురు రోగులకు ప్రమాదకర స్థాయిలో అధిక కిరణధార ఇచ్చింది, వారిలో కొందరు మరణించారు. 1986లో టెక్సాస్ రాష్ట్రంలోని టైలర్ పట్టణంలో జరిగిన ప్రమాదాలలో తెర మీద కనిపించింది "మాల్‌ఫంక్షన్ 54" అనే మాట మాత్రమే. ఆపరేటరు వద్దనున్న పుస్తకంలో దానికి వివరణ లేదు. అటువంటి సంకేతాలు రోజూ అనేకసార్లు వచ్చిపోతుండడంతో, ఒక మీట నొక్కి ముందుకు సాగడం ఆపరేటర్లకు అలవాటైంది. ప్రాణాంతకమైన హెచ్చరిక, సాధారణ చికాకు రెండూ ఒకే రూపంలో వస్తే మనిషి రెండింటినీ చికాకుగానే చూస్తాడు.

వ్యవసాయ యాప్‌లలో ప్రాణాపాయం అంత దగ్గరగా లేకపోవచ్చు. కానీ పురుగుమందు మోతాదును సూచించే యాప్‌లు వచ్చినప్పుడు ఈ మాట పూర్తిగా నిజం కాదు. లీటరుకు మిల్లీలీటర్లలో రాయవలసిన చోట ఎకరాకు మిల్లీలీటర్లు రాసిన వ్యక్తిని ఆపే సందేశం, ఫోను నంబరులో అంకె తగ్గిందని చెప్పే సందేశం ఒకే రంగులో, ఒకే స్వరంలో ఉండరాదు.

సంకేత సంఖ్యలను పూర్తిగా తీసివేయాలన్న వాదన కూడా సరికాదు. 1800-180-1551 నంబరుకు ఫోను చేసిన రైతుకు గాని, సహాయ కేంద్రానికి సమస్య పంపే విస్తరణాధికారికి గాని సంఖ్య చాలా ఉపయోగకరం. "వేలిముద్ర సరిపోలలేదు. మరొక వేలు పెట్టండి, లేదా ఓటీపీ ఎంచుకోండి" అన్న వాక్యం కింద చిన్న అక్షరాలలో "సంకేతం 300" అని ఉంటే రైతుకు వాక్యం, సాంకేతిక సిబ్బందికి సంఖ్య అందుతాయి. సంఖ్య ఒక్కటే ఉంటే రైతుకు ఏమీ లేదు, వాక్యం ఒక్కటే ఉంటే సరిచేసేవారికి ఏమీ లేదు.

ఇంకొక చిన్న విషయం ఉంది. దోషం వచ్చిన తెరను ఫోటో తీసి వాట్సాప్ బృందంలో పెట్టడం నేడు విస్తరణ సిబ్బందికి నిత్యకృత్యం. ఆ ఫోటోలో రైతు పూర్తి ఆధార్ సంఖ్య, ఖాతా సంఖ్య కనిపిస్తూ ఉంటాయి. చివరి నాలుగు అంకెలు తప్ప మిగిలినవి గుర్తులతో కప్పి చూపడం దోష సందేశం రాసేవారి బాధ్యతే అవుతుంది, ఎందుకంటే ఆ తెర ఎవరి చేతికి చేరుతుందో వారికి తెలియదు.

సందేశాన్ని పరీక్షించే విధానం

కొత్త వంగడాన్ని చిరు సంచులలో రైతు పొలంలో పరీక్షించకుండా విడుదల చేయరు. సందేశాలకూ ఆ పరీక్ష అవసరం, దానికి ఖర్చు కూడా తక్కువ. విద్యార్థి తాను రాసిన యాప్‌లోని సందేశాలన్నిటినీ ఒక పట్టికలో రాసుకోవాలి. ఒక నిలువు వరుసలో సందేశం, పక్కన అసలు కారణం, దాని పక్కన సరిచేయగల వ్యక్తి లేదా కార్యాలయం. మూడవ గడి ఖాళీగా మిగిలిన ప్రతి సందేశమూ ఇంకా పూర్తికానిదే. రెండు వేర్వేరు కారణాల ఎదుట ఒకే సందేశం ఉంటే విడదీయాలి, ఒకే కారణానికి మూడు తెరల్లో మూడు సందేశాలుంటే కలపాలి.

తరువాత ఆ పట్టికతో రైతు వేదికకు గాని, వ్యవసాయ మార్కెట్‌కు గాని వెళ్లి, ఒక్కొక్క సందేశాన్ని రైతుకు బిగ్గరగా చదివి వినిపించాలి. అర్థమైందా అని అడగరాదు, అర్థమైందనే సమాధానం వస్తుంది. "ఇది వస్తే మీరు ఎక్కడికి పోతరు, ఏం పట్టుకొని పోతరు?" అని అడగాలి. చెప్పిన చోటు పట్టికలోని మూడవ గడితో సరిపోకపోతే సందేశం మార్చి మళ్లీ వినిపించాలి. చదవడం రాని స్త్రీ రైతుల వద్ద ఈ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే వారికి ఆ సందేశం ఎప్పుడూ మరొకరి నోటి ద్వారానే చేరుతుంది. చదివి చెప్పే వ్యక్తి దానిని కుదించి "సర్వర్ డౌనుంది" అనకుండా ఉండాలంటే, అసలు వాక్యమే ఒక ఊపిరిలో చెప్పగలిగేంత చిన్నదిగా ఉండాలి.